చట్నీని కొలవడం ఎందుకంత కష్టం?

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో పండరీ అంటే బట్టల మార్కెట్. కొన్నేళ్ల క్రితం వరకు నగరంలోని పెద్ద బస్టాండు కూడా అక్కడే ఉండేది. ఇలాంటి చోట ఆకలేస్తే బియ్యప్పిండితో అట్టులా పోసే చీలా తినొచ్చు, ఆవిరి మీద ఉడికించే ఫరా తినొచ్చు, సమోసా సరేసరి. ఏది తిన్నా పక్కన టమాటా చట్నీ ఉండాల్సిందే. బండి దగ్గర చెయ్యి తిరిగిన మనిషి గరిటె ముంచి ఒక్క విదిలింపుతో చట్నీ వేసి పక్క ప్లేటు అందుకుంటాడు. ఒకరికి కాస్త ఎక్కువ పడుతుంది, మరొకరికి కాస్త తక్కువ. తక్కువైనవాళ్లు ఇంకో గరిటె అడుగుతారు, అంతటితో సరి.

అదే చట్నీని చిన్న కప్పులో పోసి, సీలు వేసి, రెడీమేడ్ ఇడ్లీ ప్యాకెట్‌తో పాటు అమ్మాలంటే మాత్రం ఇంకో గరిటె అడిగే వీలు కొనేవాళ్లకు ఉండదు. కప్పు మీద 20 గ్రాములని ముద్రిస్తే లోపల 20 గ్రాములు ఉండాలి. మన దేశంలో ప్యాక్ చేసిన సరుకుల తూకానికి 2011 నాటి లీగల్ మెట్రాలజీ నిబంధనలు వర్తిస్తాయి. 50 గ్రాముల లోపు ప్యాకెట్‌లో తరుగు 9 శాతం వరకు ఉండవచ్చు. అంటే మన 20 గ్రాముల కప్పుకు 1.8 గ్రాములు. అలాగని అన్ని కప్పుల్లోనూ అంత తగ్గించి పోస్తామంటే కుదరదు, సగటు మాత్రం చెప్పిన తూకానికి తగ్గకూడదు.

అందుకే తయారీదారులు కాస్త ఎక్కువే పోస్తారు. ఎంత ఎక్కువ అన్నదే అసలు లెక్క. నిమిషానికి 60 కప్పులు నింపే యంత్రం ఒక్కో కప్పులో ఒక్క గ్రాము అదనంగా పోస్తే 8 గంటల షిఫ్టులో 28.8 కిలోల చట్నీ ఉచితంగా వెళ్లిపోతుంది. చిన్న యూనిట్‌కు ఇది మామూలు నష్టం కాదు.

సీసా తలకిందులు చేసినా కదలదెందుకు?

నీళ్లను కొలిచి పోయడం కష్టం కాదు. ట్యాప్ రెండు సెకన్లు తెరిస్తే ఎంత వస్తుందో, నాలుగు సెకన్లు తెరిస్తే దానికి రెట్టింపు వస్తుంది. సాస్ అలా కాదు. దానికి ద్రవం లక్షణాలూ ఉన్నాయి, ఘనం లక్షణాలూ ఉన్నాయి. టమాటా కెచప్‌లో సన్నని గుజ్జు రేణువులు ఒకదానికొకటి చిక్కుకుని వల లాంటి నిర్మాణంగా ఏర్పడతాయి. ఆ వలను విడదీసేంత బలం తగలనిదే కెచప్ కదలదు. ఈ కనీస బలాన్ని ‘ఈల్డ్ స్ట్రెస్’ అంటారు. కెచప్‌కు ఇది 20 పాస్కల్‌ల ప్రాంతంలో ఉంటుంది. లెక్క వేసి చూస్తే, నిలువు గోడ మీద సుమారు 2 మిల్లీమీటర్ల మందం కెచప్ జారకుండా అలాగే అంటుకుని ఉండగలదు. ఖాళీ అయిందనుకున్న సీసా గోడలకు పట్టి ఉండే పొర అదే.

వల ఒకసారి విడిపోయాక కథ మారిపోతుంది. ఎంత వేగంగా కదిలిస్తే సాస్ అంత పలచగా ప్రవర్తిస్తుంది. పైపులో నీళ్లు నెమ్మదిగా, సుడులు లేకుండా పారుతున్నప్పుడు ఒత్తిడి 10 శాతం పెరిగితే ప్రవాహం కూడా 10 శాతమే పెరుగుతుంది. కెచప్ లాంటి పదార్థంలో అదే 10 శాతానికి ప్రవాహం 35 శాతానికి పైగా పెరిగిపోగలదు. గాలి కంప్రెసర్‌లో ఒత్తిడి కాస్త అటూ ఇటూ అయిందంటే ఒక కప్పు పొంగుతుంది, పక్క కప్పు వెలితిగా మిగులుతుంది. ఇంత ఒత్తిడితో ఇన్ని సెకన్లు తెరుద్దాం అనే పద్ధతి సాస్ దగ్గర నిలవకపోవడానికి కారణం ఇదే.

దీనికి ఇంజనీర్లు కనుక్కున్న దారి ఒత్తిడిని నమ్మకుండా ఘనపరిమాణాన్ని నమ్ముకోవడం. పిస్టన్ ఫిల్లర్ అంటే పెద్ద సిరంజి అనుకోవచ్చు. పైన హాపర్‌లో చట్నీ ఉంటుంది. పిస్టన్ వెనక్కి జరిగినప్పుడు సిలిండర్‌లోకి చట్నీ వస్తుంది, వాల్వ్ తిరుగుతుంది, పిస్టన్ ముందుకు నెట్టగానే నాజిల్ నుంచి కప్పులో పడుతుంది. పిస్టన్ ఎంత దూరం జరిగితే అంత చట్నీ. సాస్ చిక్కగా ఉన్నా పలచగా ఉన్నా సిలిండర్ ఘనపరిమాణం మారదు కదా. శాండ్‌విచ్ లైన్ల మీద సాస్ చుక్కలు పెట్టే యంత్రాలు, పిజ్జా బేస్ మీద గుండ్రంగా సాస్ పరిచే యంత్రాలు కూడా చాలావరకు ఇదే సూత్రంతో, లేదా రెండు రోటర్లు తిరుగుతూ మోతాదుగా నెట్టే లోబ్ పంపులతో పనిచేస్తాయి.

బుడగ చేసే మోసం

ఘనపరిమాణం సరిగ్గా ఉన్నంత మాత్రాన తూకం సరిపోతుందని చెప్పలేం. మిక్సీలో వేగంగా రుబ్బిన చట్నీలో గాలి చేరుతుంది. అందులో పదో వంతు గాలే ఉంటే, 20 గ్రాములకు సరిపెట్టిన సిలిండర్ 18 గ్రాములే ఇస్తుంది. నిబంధన ప్రకారం ఆ కప్పులో 18.2 గ్రాములకు తగ్గకూడదు. కంటికి నిండుగా కనిపించే కప్పు తూకంలో ఓడిపోయిందన్నమాట.

గాలితో ఇంకో చిక్కు కూడా ఉంది. స్కూల్లో చదివిన బాయిల్ నియమం ప్రకారం, ఒత్తిడి 5 రెట్లయితే బుడగ 5వ వంతుకు కుంచించుకుపోతుంది. పిస్టన్ ఆగి ఒత్తిడి తగ్గగానే ఆ బుడగ మళ్లీ వ్యాకోచించి, సిలిండర్‌లో మిగిలిన చట్నీని బయటికి తోస్తుంది. నాజిల్ చివర వేలాడే తోక, కప్పు అంచు మీద పడే చుక్క దాని పనే. అంచు మీద చుక్క పడితే సీలు సరిగా అతకదు, సీలు అతకకపోతే చట్నీ పాడవుతుంది. అందుకే ముందుగానే వాక్యూమ్‌లో గాలి తీసేస్తారు. కొన్ని యంత్రాల్లో ప్రతి మోతాదు చివర పిస్టన్‌ను కాస్త వెనక్కి లాగి తోకను లోపలికి పీల్చేస్తారు.

ఇక మన వంటకాల్లో యంత్రాన్ని అన్నిటికంటే ఏడిపించేది పోపు. ఆవాలు వాల్వ్ సందులో ఇరుక్కుంటాయి. కరివేపాకు నాజిల్‌కు అడ్డం పడుతుంది. ఆవకాయ సంగతి మరీ కష్టం, ఒక్క మామిడి ముక్కే మోతాదులో సగం తూగవచ్చు. ముక్కలను విడిగా తూచి వేసి, ఊటను మాత్రం పిస్టన్‌తో పోయడం ఒక ఉపాయం. కెచప్ కోసం తయారైన యంత్రాన్ని కొని తెచ్చుకుని గోంగూర పచ్చడి పోయాలనుకుంటే నిరాశే మిగులుతుంది. నాజిల్ వ్యాసం, వాల్వ్ రకం మన పచ్చడిని బట్టే ఎంచుకోవాలి.

వెన్నది మరో తీరు. ఫ్రిజ్‌లోంచి తీసిన వెన్న బ్రెడ్‌ను చింపేస్తుంది, 35 డిగ్రీల దగ్గర కరిగి కారిపోతుంది. మధ్యలోని కొద్ది డిగ్రీల్లోనే అది చక్కగా పరుచుకుంటుంది. ప్యాక్ చేసిన శాండ్‌విచ్‌లో వెన్న రుచి కోసమే కాదు, టమాటా ముక్కల తడి బ్రెడ్‌లోకి ఇంకకుండా అడ్డుగోడలా కూడా పనిచేస్తుంది. పొరలో ఖాళీ మిగిలిన చోట బ్రెడ్ నానిపోతుంది.

రాయ్‌పూర్‌కు పొరుగునే ఉన్న దుర్గ్ జిల్లా టమాటా సాగుకు పేరున్న ప్రాంతం. ధర పడిపోయినప్పుడు రైతులు పంటను రోడ్డు మీద పారబోసిన సందర్భాలు ఛత్తీస్‌గఢ్‌లోనూ ఉన్నాయి, తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. సాస్, చట్నీ చేసే చిన్న యూనిట్లకు 2020లో మొదలైన కేంద్ర పథకం పీఎంఎఫ్‌ఎంఈ కింద ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు రుణంతో ముడిపడిన సబ్సిడీ ప్రకటించారు. యంత్రం కొన్నాక పని అయిపోయిందనుకోకూడదు. భోజన విరామంలో కదలకుండా ఉన్న సాస్‌లో వల మళ్లీ అల్లుకుంటుంది కాబట్టి తిరిగి మొదలుపెట్టినప్పుడు తొలి మోతాదులు తేడాగా రావచ్చు. వాటిని పక్కనపెట్టి, ఓ ఇరవై కప్పులు వరుసగా తూచి చూసుకోవాలి. బ్యాచ్ మారినా అంతే.

తూకం తప్పితే డబ్బు పోతుంది. శుభ్రం తప్పితే ప్రాణం మీదికి రావచ్చు. టమాటా, చింతపండు పుల్లగా ఉంటాయి కనుక వాటిలో బ్యాక్టీరియా అంత తేలిగ్గా పెరగదు. కొబ్బరి చట్నీకి ఆ రక్షణ లేదు. పైపు మలుపులో, వాల్వ్ వెనక మిగిలిన చెంచాడు చట్నీ మర్నాటి బ్యాచ్ మొత్తాన్ని పాడుచేయగలదు. పైపులను విప్పకుండా కడిగేటప్పుడు నీళ్లు సెకనుకు కనీసం 1.5 మీటర్ల వేగంతో పారాలన్నది పరిశ్రమలో వాడుకలో ఉన్న కొలమానం. ఉప్పు, పులుపు కలిసి మామూలు 304 రకం స్టీలుకు గుంటలు పెడతాయి, ఆ గుంటల్లో సూక్ష్మజీవులు దాక్కుంటాయి. మాలిబ్డినం కలిసిన 316 రకానికి ధర ఎక్కువైనా పచ్చళ్లకు అదే వాడమనేది ఇందుకే.

పల్లీలది వేరే సమస్య. వేరుశనగ అలర్జీ ఉన్నవారికి కొద్దిపాటి ప్రొటీన్ కూడా ప్రమాదకరం కావచ్చు. వేడినీళ్లు, శానిటైజర్ సూక్ష్మజీవులను చంపుతాయి గానీ ఆ ప్రొటీన్ పోవాలంటే డిటర్జెంట్‌తో కడిగి తీసేయాల్సిందే. వేరుశనగ ఉన్నట్టు లేబుల్ మీద చెప్పడం 2020 నాటి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లేబులింగ్ నిబంధనల ప్రకారం తప్పనిసరి. కానీ పొద్దున పల్లీ చట్నీ పోసిన నాజిల్‌తోనే మధ్యాహ్నం కొబ్బరి చట్నీ పోస్తే, లేబుల్ మీద లేని పల్లీ కప్పులోకి చేరిపోతుంది. ఒకే యంత్రం ఉన్న యూనిట్లు పల్లీ చట్నీని రోజులో చివరి బ్యాచ్‌గా పెట్టుకుంటే, రాత్రి పిస్టన్, సీళ్లు, నాజిల్ అన్నీ విప్పి కడగడానికి వ్యవధి దొరుకుతుంది.