మాట తప్పని ముద్ద

మీ వీధిలోనూ అలాంటి పిల్లవాడు ఒకడు ఉండే ఉంటాడు, గుర్తు తెచ్చుకోండి. ఏ ఇంటికి వెళ్లినా "ఆంటీ, ఆంటీ" అంటూ నవ్వుతూ ఇట్టే కలిసిపోతాడు. వాడు వెళ్లిపోయాక చూస్తే బల్ల మీది చిల్లర ఉండదు. అడిగితే బెదరడు, తప్పు చేశానన్న బాధా కనబడదు. గట్టిగా అడిగారో, చేతికందింది విసిరేస్తాడు! స్కూలు వాళ్లు టీసీ చేతిలో పెట్టి పంపించేస్తారు. "వాళ్లమ్మ పెంపకం అలా ఏడ్చింది" అని మనం తీర్పు చెప్పేస్తాం.

సరిగ్గా ఇలాంటి పిల్లల కోసమే ఇంగ్లండులో ఒక బడి 1948 నుంచి నడుస్తోంది. పేరు మల్బరీ బుష్ స్కూలు. మన పిల్లలు ఇంగ్లీషు మీడియం నర్సరీలో చుట్టూ తిరుగుతూ పాడే ఆటపాటలో ఉంటుందే, అదే పేరు!

యుద్ధం విడదీసిన పిల్లలు

1939 సెప్టెంబరులో బాంబుల భయంతో బ్రిటన్ ప్రభుత్వం నగరాల్లోని పిల్లల్ని పల్లెలకు తరలించింది. కొద్ది రోజుల్లోనే సుమారు 15 లక్షల మంది కదిలారు. చంటిపిల్లల తల్లులు కూడా అందులో ఉన్నారు. చాలామంది పిల్లలు కొత్త ఇళ్లలో ఎలాగో సర్దుకున్నారు. కొందరిని మాత్రం ఏ ఇల్లూ భరించలేకపోయింది. పక్క తడిపేవాళ్లు, దొంగిలించేవాళ్లు, పారిపోయేవాళ్లు... వీళ్ల కోసం ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో హాస్టళ్లు తెరవాల్సి వచ్చింది. డొనాల్డ్ విన్నికాట్ అనే పిల్లల డాక్టరు అక్కడికి వెళ్లి సిబ్బందికి సలహాలిచ్చేవారు.

ఆ యుద్ధకాలంలోనే బార్బరా డాకర్ డ్రిస్‌డేల్ అనే ఇల్లాలు, తన పిల్లలతో పాటు చుట్టుపక్కల పిల్లల్నీ చేరదీసి ఇంట్లోనే ఆడించేవారు. రానురాను ఎవరికీ లొంగని పిల్లలు ఆమె దగ్గరికి చేరారు. యుద్ధం అయ్యాక, 1948లో, భర్త స్టీఫెన్‌తో కలిసి స్టాండ్‌లేక్ అనే పల్లెలో బడి పెట్టారు. విన్నికాట్ ఆలోచనలు ఆమెకు ఎంతో తోడయ్యాయి.

ఒక్కరి చేత్తోనే

పైకి నవ్వుతూ లోపల ఏ బంధమూ ఏర్పడని పిల్లల్ని ఆమె "గడ్డకట్టిన పిల్లలు" అన్నారు. పసితనంలో తల్లి ఒడిలో దొరకాల్సింది మధ్యలోనే తెగిపోయింది కాబట్టి, ఎదిగినా లోపల పసివాళ్లుగానే ఉండిపోయారని ఆమె అభిప్రాయం. వాళ్లకి నీతులు చెబితే ఏం లాభం? ముందు ఆ తెగిపోయింది అందాలి.

ఎలా అందించారో వినండి, వంటింటి మనుషులం కనుక మనకి ఇట్టే అర్థమవుతుంది. తనకి నమ్మకం కుదిరిన ఒక పెద్దమనిషిని పిల్లవాడు ఫలానాది కావాలని అడుగుతాడు. చాలాసార్లు అది తిండే. మన ఇళ్లలో అయితే పడుకోబోయే ముందు గిన్నెడు పాలబువ్వ అనుకోండి. ఒప్పుకున్నాక అది ఆ వేళకి, ఆ మనిషి చేత్తోనే అందాలి. ఖాళీ లేదని ఇంకొకరితో పంపడానికి వీల్లేదు. సెలవు పెట్టాల్సి వస్తే ముందుగానే పిల్లవాడితో చెప్పాలి. అందుకే ఇవ్వగలిగినంతే ఒప్పుకోవాలి. రోజంతా గారం చేయడం కాదిది. ఉన్నది ఒక్క చిన్న మాట, అది తప్పకూడదు.

అంతమాత్రాన పిల్లవాడు బుద్ధిమంతుడైపోతాడా? అదీ కాదు. నమ్మకం మొదలయ్యాక, అన్నాళ్లూ అణిచిపెట్టిన కోపమంతా ఆ పెట్టే చేతి మీదికే వస్తుంది. గిన్నె విసిరికొట్టినా మర్నాడు అదే వేళకి మళ్లీ వెళ్లాలి. ఎంత ఓపిక కావాలో ఊహించండి! ఆ సిబ్బంది కూడా మనుషులే కదా. వాళ్లు తమ కోపాన్ని, అలసటని చెప్పుకోవడానికి కూడా చోటుండాలని డాకర్ డ్రిస్‌డేల్ గట్టిగా చెప్పేవారు. నా మటుకు నాకు, ఇది ఆ తిండి కంటే ముఖ్యమైన మాట.

తల్లుల మీద నింద

ఇలాంటి బడులన్నీ ఇంత దయగా నడిచాయనుకోకండి. అమెరికాలో షికాగో నగరంలోని ఆర్థోజెనిక్ స్కూలుకు 1944 నుంచి సుమారు మూడు దశాబ్దాలు బ్రూనో బెటెల్‌హైమ్ పెద్దగా ఉన్నారు. ఆయన పుస్తకాలు ప్రపంచమంతా చదివింది. పిల్లలకు ఆటిజం రావడానికి తల్లి మనసులో ప్రేమ లేకపోవడమే కారణమని 1967లో రాసిన పుస్తకంలో వాదించారు. ఎంతమంది తల్లులు కుమిలిపోయి ఉంటారో! అది తప్పని తర్వాత తేలింది. 1990లో ఆయన పోయాక, తమని కొట్టేవారని ఆ బడిలో చదివిన కొందరు బయటపెట్టారు.

డాకర్ డ్రిస్‌డేల్ 1999లో కన్నుమూశారు. బడి మాత్రం స్టాండ్‌లేక్‌లోనే ఉంది. ప్రైమరీ తరగతుల వయసు పిల్లలు చిన్న చిన్న ఇళ్లుగా కలిసి ఉంటూ అక్కడే చదువుకుంటారు. ఇంట్లో చేసుకునేట్టే అందరూ కూర్చుని భోంచేస్తారు. తల్లిని తప్పుపట్టి పక్కన పెట్టడం కాకుండా, ఇప్పుడు పిల్లవాడితో పాటు ఆ కుటుంబంతోనూ బడివాళ్లు పనిచేస్తున్నారు.