ఒక సంచీ, ఒక చొక్కా

పరీక్షలై బడి మూసేశాక, ప్రయాణం రోజు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో గడిపే రోజులు ఎంత పొడుగ్గా ఉంటాయో మీకు తెలుసు. అటువంటి రోజుల్లో ఒక యువకుడు ఏం చేశాడో చెబుతాం, వినండి.

స్వీడన్ దేశంలో ఉప్సాలా అని ఒక ఊరున్నది. అక్కడి విశ్వవిద్యాలయం 1477లో పుట్టింది. ఇప్పుడది పెద్ద నగరమే గాని, 1732లో చిన్న పట్నం. అక్కడి వేసవి మన వేసవిలాగా మాడ్చదు. మే నెలలో చలి తగ్గి, చెట్లు చిగురిస్తాయి. నెలాఖరుకు పగలు 17 గంటలకు పైగా ఉంటుంది.

ఆ ఊళ్ళో కార్ల్ లిన్నేయస్ అనే యువకుడు ఉండేవాడు. విశ్వవిద్యాలయం తోటలో మొక్కలు చూపిస్తూ పాఠాలు చెప్పేవాడు. అతని గురువు ఓలోఫ్ రుడ్బెక్ 1695లో ఉత్తరాన ఉన్న లాప్లాండుకు వెళ్ళి, తాను చూసినవన్నీ రాసుకుని వచ్చాడు. కాని 1702లో ఉప్సాలా తగలబడింది. ఆ రాతల్లో చాలా భాగం బూడిదైపోయింది! గురువుగారు చెప్పే కబుర్లు విని, తానూ అక్కడికి వెళ్ళాలని లిన్నేయస్‌కు బుద్ధి పుట్టింది. ఊళ్ళోని విజ్ఞాన సంఘానికి అర్జీ పెట్టుకుంటే, వారు దారిఖర్చులకు డబ్బిచ్చారు.

ఇక సామాను సర్దుకోవాలి. ఐదు నెలల ప్రయాణం. మీరైతే ఎన్ని పెట్టెలు కడతారు? అతనిది ఒక చిన్న తోలుసంచీ! అందులో మార్చుకోవటానికి ఒకే ఒక చొక్కా. కలం, సిరాబుడ్డి, చిన్నవాటిని పెద్దవిగా చూపే అద్దం, దుర్భిణీ, దోమలు కుట్టకుండా ముఖానికి పలచని ముసుగు, ఒక దువ్వెన, మొక్కలు ఎండబెట్టటానికి కాగితాలు. చూశారా? బట్టలకన్న, చూడటానికీ రాయటానికీ పనికివచ్చేవే ఎక్కువ!

మే 12న (ఇప్పటి పంచాంగం ప్రకారం 23న) అతను ఒంటరిగా గుర్రమెక్కి బయలుదేరాడు. అప్పుడతని వయసు 25 ఏళ్ళు. అక్టోబరులో క్షేమంగా తిరిగివచ్చాడు. లాప్లాండు మొక్కలను గురించి 1737లో పుస్తకం అచ్చు వేయించాడు. చేతిరాత ఒక్కటే ఉంటే మంటల్లో పోతుంది. అచ్చు పుస్తకం ఒకచోట కాలినా మరొకచోట మిగులుతుంది!

1753లో మన మామిడికి మాంజిఫెరా ఇండికా అనీ, చింతకు టామరిండస్ ఇండికా అనీ శాస్త్రనామాలు పెట్టినది ఈ లిన్నేయసే.

మీరూ ప్రయాణానికి ముందు ఒక పని చెయ్యండి. పెరట్లోని ఆకునొకదాన్ని పాత వార్తాపత్రికల మధ్య మడత పడకుండా పరిచి, పైన బరువు పెట్టండి. కాగితం ఆకులోని తేమను పీల్చుకుంటుంది. తేమ నిలిస్తే బూజు పడుతుంది కనక రోజూ కాగితం మార్చండి. ఆకు బాగా ఎండాక నోటుపుస్తకంలో అంటించి, పక్కన దాని పేరూ, ఊరూ, తేదీ రాయండి. తాతగారి ఊరు వెళ్ళాక అక్కడి ఆకులనూ అలాగే దాచండి.

ఊరూ, తేదీ రాసి ఉంచితే అది శాస్త్రానికి పనికివస్తుంది. రాయకపోతే అది వట్టి ఎండుటాకు!