కంటిలో కటకము, సూదంటురాయి



మొన్నటి మాఘమాసమున నొకనాటి సాయంకాలము మా యూరి కమ్మరి ఆచారి మా యరుగుమీదికి వచ్చి కూర్చుండి, "పంతులుగారూ, శుక్లం తీసినాక కంటిలోపల బిళ్ళ పెడతారు గదా, దాన్ని సూదంటురాయితో లాగి కూర్చోబెడతారట, నిజమేనా?" అని యడిగెను. ఆతని కుడికన్ను మసకబారి యేడాది దాటినది. తిరునాళ్ళలో నెవడో సూదంటురాళ్ళు పొదిగిన కంకణమొకటి యమ్మి, అది చేతికున్నచో శుక్లము దానంతటదియే కరగునని చెప్పెనట. కంకణము చేతికున్నది, శుక్లమును కంటనే యున్నది.

నేను వైద్యుడను గాను. సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. ఆతనికి సమాధానము చెప్పుటకై తెలిసికొన్న సంగతులనే మీకును మనవిచేయుచున్నాను.

కనుపాప యనునది నల్లని చుక్కవలె గన్పట్టు రంధ్రము మాత్రమే. దాని వెనుక పప్పుబద్ద యాకారమున, స్ఫటికమువలె స్వచ్ఛమైన కటకమొకటి, పలుచని సంచిలో నమరియున్నది. వయస్సుచేతనో దెబ్బచేతనో యది మసకబారుటయే శుక్లము. కోడిగ్రుడ్డులోని సొన యుడికినపుడు తెల్లబారును గదా, ఇంచుమించట్టి మార్పే యిదియును. ఉడికిన సొనను మరల నీరుచేయుట యెట్లు సాధ్యము కాదో, శుక్లమును మందుతోనో కంకణముతోనో కరగించుటయు నట్లే సాధ్యము కాలేదు. తీయవలసినదే.

మన సుశ్రుతుడు దీనిని లింగనాశమనెను. ఉత్తరతంత్రమున 17వ అధ్యాయమున నాతడు చెప్పిన చికిత్స నేటికిని చదువ నాశ్చర్యముగా నుండును. యవగింజ మొనవంటి మొనగల శలాకతో కంటిని ప్రక్కనుండి పొడిచి, మసకబారినదానిని చూపునకడ్డము లేకుండ తొలగించవలెను. ఎడమకంటికి కుడిచేయి, కుడికంటికి ఎడమచేయి వాడవలెను. పిమ్మట రోగి వెల్లకిల పరుండి తుమ్మరాదు, దగ్గరాదు, త్రేన్చరాదు. తుమ్మునాపుకొనుట యెవని తరమో నాకు దెలియదు! ఈ పద్ధతిచే వెలుతురు కనబడునే గాని కటకము కంటిలోనే యొక మూల పడియుండును. పలువుర కది వాచి కన్నే పోయెడిది.

అదే సుశ్రుతుడు సూత్రస్థానమున 27వ అధ్యాయమున, శరీరమున గ్రుచ్చుకొనిన శల్యమును తీయుటకు పదునైదుపాయములు చెప్పుచు, అయస్కాంతమును వానిలో నొకటిగా లెక్కించెను. అయితే యాతడు విధించిన నియమములు గమనింపుడు: ములికికి చెవులుండరాదు, అది యెక్కడను చిక్కుకొని యుండరాదు, గాయపు నోరు విశాలముగా నుండవలెను. అన్నియు మన శాస్త్రములలోనే యున్నవని మాలో కొందరందురు. ఈ రెండధ్యాయములును నేను మరల మరల చదివితిని. శుక్లమునకు సూదంటురాయి యని యెక్కడను లేదు. ఆయన యెరిగిన సూదంటురాయి యినుమును లాగునది, అంతే.

పాశ్చాత్యులును దానిని కంటిలో నినుము తీయుటకే వాడిరి. 17వ శతాబ్దమున స్విట్జర్లాండులో హిల్డానసు అను శస్త్రవైద్యునియొద్దకు కంటిలో ఉక్కురవ్వ పడినవాడొకడు రాగా, ఆయన యెంత ప్రయత్నించినను రాలేదట. సూదంటురాయి పెట్టిచూడుమని చెప్పినది ఆయన భార్య మేరీ కోలినె. రవ్వ వచ్చినది, ఆయనయే యీ సంగతి వ్రాసి, గౌరవమంతయు భార్యకే చెందునని యొప్పుకొనెను. 1874లో ఐర్లండునందలి బెల్ఫాస్టున మెక్యోను కంటి లోతట్టునుండి సూదంటురాతితో నినుమును తీసెను. 1879లో బెర్లినున హిర్ష్‌బెర్గు విద్యుదయస్కాంతమును వాడెను. 1892లో జూరిచ్చున హాబ్ అనునాతడు మిక్కిలి పెద్ద యయస్కాంతమును నిలిపి, రోగి ముఖమును దాని యెదుట నుంచి రవ్వలను లాగుచుండెను.

ఇక కటకము మాట. 1747లో ఫ్రాన్సున దవియేలు శుక్లమును ప్రక్కకు త్రోయుట మాని, కన్ను కోసి వెలికి దీసెను. అది గొప్ప మేలు. కాని కటకము లేని కంటికి దానిబదులు దళసరి యద్దములు కావలెను. మా తండ్రిగారికి నట్లే శుక్లము తీసి సోడాబుడ్డి కళ్ళజోడు పెట్టిరి. ఆ యద్దములలో వస్తువులు నాల్గవవంతు పెద్దవిగా, దగ్గరగా గన్పట్టును, ప్రక్కలు కనబడవు. మంచినీళ్ళ చెంబు నందుకొనబోయి గాలిని పట్టుకొని, మేము చూచితిమేమో యని యాయన చేయి వెనుకకు దీసికొనుట నేను మరువలేదు.

ఆ లోపము తీర్చినది హెరాల్డు రిడ్లే. రెండవ ప్రపంచయుద్ధమున నాంగ్లేయ విమానములు దెబ్బతిన్నప్పుడు వాని కప్పులకు వేసిన పెర్స్‌పెక్సు అను ప్లాస్టికు ముక్కలై వైమానికుల కండ్లలో గ్రుచ్చుకొనెను. ఆ ముక్కలు కంటిలో నుండియు వాపు కలిగింపకుండుట రిడ్లే గమనించెను. 1949 నవంబరు 29న లండనులోని సెయింటు థామసు వైద్యశాలలో నా పదార్థముతో జేసిన కటకమును కంటిలో నమర్చెను. తోటివారనేకులు ఆయనను నిందించిరి. ముసలితనమున ఆయన కండ్లకును శుక్లములు వచ్చి, అట్టి కటకములే పెట్టబడినవి! మన దేశమున మధురలో 1992లో నారంభమైన ఆరోల్యాబు చౌకగా కటకములు చేయ మొదలిడినది కనుకనే నేడు బీదవానికిని సోడాబుడ్డి తప్పినది.

ఇప్పుడు కటకమును పెట్టు తీరు వినుడు. దాని నడిమిబిళ్ళ వెడల్పు సుమారు 6 మిల్లీమీటర్లు. కంటికి బెట్టు గాటు తరచుగా 3 మిల్లీమీటర్లైన నుండదు. మడత పడు కటకమును తమలపాకువలె చుట్టి, సన్నని గొట్టములోనుంచి సంచిలోనికి మెల్లగా విడుతురు. దానికి ముందుగా స్వచ్ఛమైన జిగురుద్రవమును నింపి సంచిని విప్పారజేయుదురు. లోన కటకము తనంతట విచ్చుకొని, ఇరుప్రక్కల మీసములవంటి తీగలచే నడుమ నిలుచును. ఆ సంచి వెనుకపొర మిల్లీమీటరులో నూరవవంతుకంటెను పలుచన. అంతటి పొరపై నొత్తిడి యెంతయో వైద్యుని చేతికి దెలియవలెను.

ఇందు సూదంటురాతికి పనియేది? ప్లాస్టికు దానికి కదలదు. కటకమునకు నినుపరవ్వ యతికించి లాగరాదా యని ఆచారి యడిగెను; తెలివైన ప్రశ్నయే. కాని సూది దూరముననున్నంతసేపు కదలదు, దగ్గరపడినంతనే యెగిరి యంటుకొనును. ఈ సంగతి నాకంటె నాతనికే బాగుగా దెలియును. పలుచని పొరయొద్ద నట్టి యెగురుట పనికిరాదు. పైగా ఇనుము కంటిలో త్రుప్పుపట్టి లోపలి నరముపొరను చెరచును. దగ్గరకును దూరమునకును చూపు కుదురునట్లు కటకమును చిన్న యయస్కాంతములతో ముందువెనుకలకు కదలింపవచ్చునేమోయని జర్మనీలో కొందరు వైద్యులు యోచించిరి. అది వాడుకలోనికి రాలేదు.

ఇంతవరకు చెప్పి లేవబోవుచుండగా ఆతని జేబులో నొక చీటి కనబడినది. నడుమునొప్పికి ఎం.ఆర్.ఐ. తీయించుకొమ్మని వ్రాసియిచ్చిరట, మరునాడే వెళ్ళవలెను. ఎం.ఆర్.ఐ. యంత్రమనగా మనిషిని లోన బరుండబెట్టు పెద్ద యయస్కాంతము. సాధారణముగా వాడు యంత్రములలో దాని బలము భూమి యయస్కాంతబలమునకు సుమారు ముప్పదివేల రెట్లుండును. చీటితోబాటున్న పత్రమున, ఒంటిలో లోహమున్నదా యను ప్రశ్న యెదుట, నింపిన కుర్రవాడు ఆతని నడుగకయే లేదని వ్రాసినాడు.

"ఆచారీ, నీ కంట నెప్పుడైన రవ్వ పడెనా?" అంటిని.

"కొలిమికాడ పడకుండా ఎట్లా పంతులుగారూ! పదేళ్ళకింద సమ్మెట దెబ్బకు ఒకటి గట్టిగానే తగిలింది. నీళ్ళు కారి తగ్గిపోయింది."

"ఏ కంట?"

"ఈ కంటనే."

నా గుండె ఝల్లుమన్నది. 1986లో అమెరికాలో నొకని కంట దాగియున్న లోహపురవ్వ యీ యంత్రములో కదలి, ఆ కంటిచూపు పోయినట్లు వైద్యపత్రికలలో నున్నది. ప్లాస్టికు కటకము పెట్టించుకొన్నవా రా యంత్రమునకు భయపడ బనిలేదు. భయపడవలసినవారు కమ్మరులు, రాతిపనివారు, సానపట్టువారు, వెల్డింగు చేయువారు. వీరు కంటిలో రవ్వపడిన సంగతిని అడుగకున్నను చెప్పి, ముందుగా ఎక్స్‌రే తీయించుకొనవలెను.

మరునాడు నేనును వెంట బోతిని. ఎం.ఆర్.ఐ. ఆపి కంటివైద్యుని జూపితిమి. చిత్రములో నూకగింజంత యినుపరవ్వ కనబడినది. శుక్లము వయస్సుది గాదు, ఆ యినుముదేనని వైద్యుడు చెప్పెను. శుక్లమును తీసి, కంటి లోతట్టునుండి సన్నని కడ్డీవంటి సూదంటురాతితో రవ్వను వెలికి లాగిరి. కొన్నివారములకు కటకమును చేతితోనే యమర్చిరి. పదేండ్ల త్రుప్పు చెరచినంత చెరచినది; కుడికంట పెద్దయక్షరములు మాత్రము చదువగలడు. ఎడమకన్ను బాగున్నది.

కటకము వివరములున్న కార్డొకటి వైద్యశాలవా రిచ్చిరి. దాని వెనుక, కంటిలోని యినుము తీసివేయబడినదని, తీసిన తేదీతో వ్రాసియిమ్మని నేనే యడిగితిని. ఆచారి దానిని రేషనుకార్డుతో కలిపి యొక సంచిలో భద్రపరచినాడు. కంకణమును కొలిమిలో వేసినాడు.