జీతం అందని మనిషి ఏ వరుసలో ఉన్నాడు?

2013 సెప్టెంబరులో సౌదీ అరేబియా కార్మిక మంత్రిత్వ శాఖ వేతన రక్షణ విధానాన్ని మొదలుపెట్టింది. తొలి విడతలో 3,000 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న కంపెనీలే దాని కిందికి వచ్చాయి. తర్వాత విడతల వారీగా చిన్న సంస్థలకూ విస్తరించింది. జీతం బ్యాంకు ద్వారానే వేయాలి, ఎవరికి ఎంత వేశారో ఆ జాబితా ప్రభుత్వానికి చేరాలి. ఒప్పందంలో రాసుకున్న జీతాన్నీ బ్యాంకులో పడిన జీతాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికి అన్యాయం జరిగిందో తెలిసిపోవాలి. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కడప, కోనసీమల నుంచి అక్కడికి వెళ్లిన మనవాళ్లకు ఇది ఎంత పెద్ద సంగతో చెప్పక్కర్లేదు. నెలల తరబడి జీతం రాక క్యాంపుల్లో చిక్కుకున్న వాళ్ల గోడు ఆ ఊళ్లలో తెలియని ఇల్లు లేదు.

లక్షల వరుసలను పక్కపక్కన పెట్టి చూసే ఆ పనిని నేడు ప్రపంచమంతటా ఎక్కువగా చేస్తున్నది రిలేషనల్ డేటాబేస్. అరవై ఏళ్ల కిందట ఇలాంటి ప్రశ్న అడగడమే గగనంగా ఉండేది. ఆ రోజుల్లో పేరున్నది ఐబీఎం వారి ఐఎంఎస్. అపోలో చంద్రయాత్రకు కావలసిన లక్షలాది విడిభాగాల లెక్క చూసుకోవడానికి పుట్టింది అది. అందులో సమాచారమంతా చెట్టు కొమ్మల్లా ఉంటుంది: కంపెనీ కింద విభాగం, విభాగం కింద ఉద్యోగి. పైనుంచి కిందికి దిగుతూ వెతికితే ఇట్టే దొరుకుతుంది. ‘ప్లంబర్లు ఏయే కంపెనీల్లో ఉన్నారు?’ అని అడ్డంగా అడిగితే మాత్రం దారి తెలిసిన ప్రోగ్రామర్ కూర్చుని కొత్త ప్రోగ్రామ్ రాయాలి. కొమ్మల అమరిక మారితే పాత ప్రోగ్రాములు పనికిరాకుండా పోయేవి.

ఈ బంధనాన్ని తెంచినవాడు ఎడ్గర్ కాడ్. 1923లో ఇంగ్లండ్‌లో పుట్టాడు, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో విమానం నడిపాడు, తర్వాత ఐబీఎంలో చేరాడు. కాలిఫోర్నియాలోని శాన్ హోసే ప్రయోగశాలలో ఉండగా 1970 జూన్‌లో ఒక పరిశోధన పత్రం ప్రచురించాడు. సమాచారాన్ని సాదా టేబుళ్లలో ఉంచుదాం, ఒక్కో వరుసలో ఒక్కో వాస్తవం ఉండాలి, ఒక టేబుల్‌కూ మరో టేబుల్‌కూ సంబంధాన్ని వాటిలోని విలువలే చెప్పాలి అన్నాడు. అడిగేవాడు తనకేం కావాలో చెబితే చాలు, ఎక్కడ ఎలా వెతకాలో యంత్రమే చూసుకుంటుంది. రిలేషనల్ డేటాబేస్‌కు మూలం ఇదే.

విలువలే సంబంధం చెప్పడం అంటే ఏమిటో సౌదీలో ఉండే ఎవరికైనా అఖామా (నివాస అనుమతి) కార్డు చూస్తే అర్థమవుతుంది. అందులో పది అంకెల నంబరు ఉంటుంది. సౌదీ పౌరుల నంబరు 1తో, విదేశీ నివాసులది 2తో మొదలవుతుంది. పాస్‌పోర్టు రెన్యువల్‌లో దాని నంబరు మారుతుంది. పేరు ఇంగ్లిషులో ఒకలా, అరబిక్‌లో మరోలా పడుతుంది. ఒకే క్యాంపులో నలుగురు లక్ష్మణ్‌లు ఉండవచ్చు. ఒకే అఖామా నంబరు మాత్రం ఇద్దరికి ఉండదు. డేటాబేస్ భాషలో దీన్ని ప్రైమరీ కీ అంటారు. ఒప్పందాల టేబుల్‌లోనూ బ్యాంకు జమల టేబుల్‌లోనూ అదే నంబరు ఉంటే, ఆ రెంటినీ ఎప్పుడైనా ఎలాగైనా కలిపి చూడవచ్చు. ఒక వాస్తవాన్ని ఒక్కచోటే రాయాలన్నది దీనికి జంట సూత్రం. కంపెనీ చిరునామాను 5,000 మంది ఉద్యోగుల వరుసల్లోనూ రాసి, మార్చేటప్పుడు 4,999 వరుసల్లోనే మారిస్తే, మిగిలిన ఆ ఒక్క వరుస అబద్ధం చెబుతూనే ఉంటుంది.

కాడ్ ఆలోచనకు భాష ఇచ్చినవాళ్లు ఐబీఎంలోనే పనిచేసిన డాన్ చాంబర్లిన్, రే బాయిస్. 1974లో వాళ్లు సీక్వెల్ అనే భాషను ప్రకటించారు. బాయిస్ చిన్న వయసులోనే అదే ఏడాది మెదడు రక్తనాళం చిట్లి కన్నుమూశాడు. ఆ భాషే తర్వాత ఎస్‌క్యూఎల్ అయింది. 1979లో ఒరాకిల్ దాన్ని మార్కెట్‌లోకి తెచ్చింది, 1986లో అమెరికా ప్రమాణ సంస్థ ముద్ర పడింది. దాని వాక్యం సులువు. సెలెక్ట్ తర్వాత కావలసిన కాలమ్‌లు, ఫ్రమ్ తర్వాత టేబుల్ పేరు, వేర్ తర్వాత షరతు. రెండు టేబుళ్లను కలపడానికి జాయిన్.

సులువైన ఈ వాక్యంలోనే మనిషిని మాయం చేసే చోటు ఒకటుంది. ఒప్పందాల టేబుల్‌నీ జమల టేబుల్‌నీ అఖామా నంబరు మీద మామూలు జాయిన్‌తో కలిపామనుకుందాం. 1,500 రియాళ్లు రావలసిన చోట 1,200 పడినవాడు వెంటనే కనిపిస్తాడు. అసలు ఒక్క రియాలూ పడనివాడో? అతనికి జమల టేబుల్‌లో వరుసే లేదు. మామూలు జాయిన్ రెండు టేబుళ్లలోనూ ఉన్నవాళ్లనే చూపిస్తుంది. అందరికంటే ఎక్కువ నష్టపోయిన మనిషి జాబితాలోంచి జారిపోతాడు, నివేదిక అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

దీనికి మందు లెఫ్ట్ జాయిన్. ఎడమవైపు పెట్టిన ఒప్పందాల టేబుల్‌లోని వరుసలన్నిటినీ అది నిలుపుతుంది. జమ దొరకని చోట నల్ అనే గుర్తు పెడుతుంది. అంటే అక్కడ విలువ లేదని. ఇక్కడ రెండో గొయ్యి ఉంది. నల్ సున్నా కాదు. ‘జమ 1,500 కంటే తక్కువా?’ అని నల్‌ను అడిగితే యంత్రం అవుననదు, కాదనదు, తెలియదంటుంది. వేర్ షరతు ‘అవును’ అన్న వరుసలనే లోపలికి రానిస్తుంది కాబట్టి జీతం అందనివాడు మళ్లీ బయటే మిగిలిపోతాడు. ‘తక్కువైనా, లేదా ఈజ్ నల్ అయినా’ అని విడిగా రాసినప్పుడే అతను తెర మీదికి వస్తాడు. అవును, కాదు, తెలియదు అనే ఈ మూడు జవాబుల తర్కాన్ని సమర్థించి నిలబెట్టినవాడూ కాడే. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయకూడదన్నది అందులోని నీతి.

తేదీల దగ్గరా ఇంతే జాగ్రత్త కావాలి. హిజ్రీ (ఇస్లామిక్) సంవత్సరానికి 354 లేదా 355 రోజులే. ఒక టేబుల్‌లో గడువు హిజ్రీలో, మరోదాంట్లో ఇంగ్లిషు క్యాలెండర్‌లో ఉంటే, ఒకే లెక్కలోకి మార్చకుండా పోల్చిన జవాబు తప్పుతుంది. సౌదీ ప్రభుత్వం కూడా 2016 అక్టోబరులో తన ఉద్యోగుల జీతాలను ఇంగ్లిషు క్యాలెండర్‌కు మార్చింది.

అడగడం ఒక సగం. మార్చడం రెండో సగం. కంపెనీ ఖాతాలో 1,500 తగ్గాలి, కార్మికుడి ఖాతాలో 1,500 పెరగాలి. ఈ రెండు పనుల మధ్య కరెంటు పోతే? ఈ ప్రశ్నతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టినవాడు జిమ్ గ్రే. ఐబీఎం సిస్టమ్ ఆర్ ప్రాజెక్టులో, తర్వాత టాండమ్ కంపెనీలో పనిచేస్తూ ఆయన లావాదేవీ అనే భావనకు గట్టి రూపం ఇచ్చాడు. బిగిన్ అని మొదలుపెట్టి కమిట్ అనేదాకా చేసిన పనులన్నీ ఒకే ముడి. అన్నీ జరుగుతాయి, లేదంటే ఒక్కటీ జరగదు. మధ్యలో తప్పనిపిస్తే రోల్‌బ్యాక్ అంటే మొదటికి వెళ్తుంది.

మన పాత వర్తకులు ఏ రోజు లావాదేవీని ఆ రోజు ముందు చిట్టాలో రాసి, తర్వాతే ఆవర్జాలో ఎక్కించేవారు. డేటాబేస్ చేసేదీ అదే. అసలు టేబుల్‌ను డిస్కు మీద మార్చకముందే ఏం మారుస్తున్నదో లాగ్ అనే ఫైల్‌లో భద్రంగా రాస్తుంది. యంత్రం కూలి మళ్లీ లేచినప్పుడు ఆ లాగ్ చదువుతుంది. కమిట్ గుర్తు పడిన పనులను పూర్తి చేస్తుంది, పడనివాటిని చెరిపేస్తుంది. 1983లో హేర్డర్, రాయిటర్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు లావాదేవీకి ఉండాల్సిన నాలుగు గుణాలకు కలిపి యాసిడ్ అని పేరు పెట్టారు. ముక్కలు కాకపోవడం, నియమం తప్పకపోవడం, ఒకదాని పని మరోదానికి అడ్డుపడకపోవడం, ఒకసారి ఖాయమైంది చెరగకపోవడం. గ్రేకు 1998లో ట్యూరింగ్ పురస్కారం వచ్చింది. 2007 జనవరి 28న ఒంటరిగా పడవలో శాన్‌ఫ్రాన్సిస్కో తీరం దాటిన ఆయన తిరిగి రాలేదు.

ఒకదానికొకటి అడ్డుపడకపోవడం ఎంత అవసరమో కరోనా కాలంలో మక్కాలో కనిపించింది. నెలల తరబడి ఆగిన ఉమ్రా యాత్ర 2020 అక్టోబరు 4న మళ్లీ మొదలైంది. అప్పట్లో రోజుకు 6,000 మందికే అనుమతి. ఈత్‌మర్నా అనే యాప్‌లో బుక్ చేసుకోవలసి వచ్చేది. ఇలాంటి బుకింగ్ ఏదైనా సరే, ఒక్క చోటు మిగిలినప్పుడు ఇద్దరు ఒకే క్షణంలో చూస్తే ఇద్దరికీ ‘ఒకటి ఉంది’ అనే కనిపిస్తుంది. ఇద్దరూ తీసుకుంటే 6,001 మంది అవుతారు. అందుకే మొదట వచ్చినవాడి పని పూర్తయ్యేదాకా ఆ వరుసకు తాళం వేస్తారు. లేదా ‘సున్నా కంటే ఎక్కువ ఉంటేనే ఒకటి తగ్గించు’ అని ఒకే వాక్యంలో చూడటం, మార్చడం కలిపి రాస్తారు. వరుస మారిందా లేదా చూసుకుని రెండోవాడికి అయిపోయిందని చెబుతారు.

చెల్లింపుల్లోనూ ఇదే జాగ్రత్త కావాలి. సౌదీ కేంద్ర బ్యాంకు 1997లో బ్యాంకుల మధ్య చెల్లింపులకు సారీ వ్యవస్థ తెచ్చింది. 2021 ఫిబ్రవరిలో అదే పేరుతో 20,000 రియాళ్ల దాకా సెకన్లలో చేరే తక్షణ చెల్లింపులు వచ్చాయి. ఇంటికి పంపే డబ్బుకు మాత్రం ఇంకో చిక్కు ఉంది. రియాద్‌లోని డేటాబేస్ వేరు, కోరుట్లలోని బ్యాంకుది వేరు. రెండింటినీ కలిపి ఒకే రోల్‌బ్యాక్ చేయడం కుదరదు. కాబట్టి పంపినవాడి ఖాతాలో తగ్గించి, దారిలో ఉన్న సొమ్ముకు కేటాయించిన ఖాతాలో జమ చేసి, అక్కడికి ఒక లావాదేవీని ముగిస్తారు. అవతల జమ అయిందని కబురు వస్తే దారి ఖాతాను ఖాళీ చేస్తారు. కాకపోతే చెరపరు, ఎదురు ఎంట్రీ రాసి వెనక్కి వేస్తారు. నెట్‌వర్క్ తెగి కబురు రెండుసార్లు వెళ్లినా డబ్బు రెండుసార్లు పడకుండా కాపాడేది రసీదు మీది రెఫరెన్స్ నంబరు. అందుకే ఆ రసీదును పారేయకూడదు.

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఎస్‌క్యూఎల్ నేర్చుకున్న మన పిల్లలు నేడు రియాద్, జెద్దా, దమ్మామ్ కార్యాలయాల్లోనూ ఇలాంటి ప్రశ్నలు రాస్తున్నారు. పనిలోంచి పారిపోయాడని యజమాని ఫిర్యాదు చేస్తే పడే హురూబ్ ముద్ర కూడా టేబుల్‌లో ఒక కాలమ్ విలువే. విలువలను మార్చే అప్‌డేట్ వాక్యం రాసి వేర్ మరిచిపోతే ఆ ముద్ర ప్రతి వరుస మీదా పడుతుంది. ముందు అదే షరతుతో సెలెక్ట్ చేసి ఎన్ని వరుసలో లెక్కపెట్టండి. బిగిన్ చెప్పి మార్చండి. అన్నే మారాయని చూశాకే కమిట్ అనండి. జీతాల నివేదికకైతే ఒప్పందాలు ఎన్ని, మీ జవాబులో లెక్కకు వచ్చిన మనుషులు ఎందరు అని మొదట సరిచూడండి. తేడా వస్తే ఆ మిగిలినవాళ్లెవరో పేరుపేరునా తెలుసుకున్నాకే దాన్ని పైకి పంపండి.