వార్తల్లో పదం: డిస్‌లాడ్జ్

పాతుకుపోయిన దానిని బలప్రయోగంతో ఉన్నచోటి నుంచి వెళ్లగొట్టడాన్ని ఆంగ్లంలో ‘డిస్‌లాడ్జ్’ అంటారు. పళ్ల సందున ఇరుక్కున్న నారకూ, కొండపై మాటు వేసిన సాయుధ దళానికీ ఈ క్రియ సమానంగా వర్తిస్తుంది. 2009 నవంబరులో యెమెన్‌కు చెందిన హూతీ తిరుగుబాటుదారులు సౌదీ అరేబియా నైరుతి మూలనున్న జిజాన్ ప్రాంతంలోకి చొరబడి, సరిహద్దులోని జబల్ దుఖాన్ కొండపై తిష్ఠ వేయగా, వారిని అక్కడి నుంచి తరిమివేయడానికి సౌదీ సైన్యం విమానాలతోనూ ఫిరంగులతోనూ దాడికి దిగడం ఈ పదప్రయోగానికి సరైన సందర్భం. 2010 జనవరిలో హూతీలు ఉపసంహరణ ప్రకటించేదాకా ఆ పోరు సాగింది. అయితే అప్పట్లో ప్రభుత్వం ఖాళీ చేయించిన సరిహద్దు గ్రామాల ప్రజలకు ఇదే క్రియను అంటగట్టడం పొరపాటు, ఒకింత అన్యాయం కూడా. వారి విషయంలో వాడవలసినది ‘డిస్‌ప్లేస్’, అంటే నివాసం విడిచిపోక తప్పని స్థితి కల్పించడం. పోలవరం ముంపు గ్రామాలవారిని తెలుగు పత్రికలు నిర్వాసితులని రాస్తున్నది ఈ రెండో అర్థంలోనే.