సభలో పలికిన మాట – పల్లెకు చేరిన మందు



మా సైదాబాద్‌లో ఐ.ఎస్. సదన్ అనే చౌరస్తా ఉంది. ప్రతి దినము వేలమంది ఆ పేరు చెప్పి బస్సు ఎక్కుతారు, ఆ పేరు విని దిగుతారు. ఐ.ఎస్. అంటే ఇందిరా సేవా సదన్ అనీ, ఆ సంస్థను స్థాపించిన సంగం లక్ష్మీబాయి గారు మెదక్ నుండి లోక్‌సభకు వెళ్లిన స్వాతంత్ర్య సమరయోధురాలనీ ఆ దిగేవారిలో ఎందరికి తెలుసు? పేరు నిలిచింది గాని, పేరు వెనుకనున్న కష్టం మరుగున పడింది.

ఈ సంగతి నాకు ఆసుపత్రి వరుసలో నిలబడి ఉండగా జ్ఞాపకం వచ్చింది. కొన్ని నెలల క్రిందట మా సంఘములోని ఒక పెద్దాయనను తోడుకొని బీబీనగర్ ఎయిమ్స్‌కు వెళ్లాను. ఎల్.బి. నగర్ దాటి, ఉప్పల్, ఘట్‌కేసర్ మీదుగా వరంగల్ రోడ్డున ఉదయమే చేరుకున్నాం. చీటీ కోసం నిలబడినప్పుడు ఆయన చుట్టూ చూసి, "అయ్యగారూ, ఇంత పెద్ద దవాఖాన ఎవరు కట్టించారు?" అని అడిగాడు.

"ప్రభుత్వం" అన్నాను.

"ప్రభుత్వంలో అయినా ఎవరో ఒకరు మొదట మనసులో అనుకోవాలి గదా?" అన్నాడు.

చదువు లేని ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నకు జవాబు ఈ వ్యాసం. బీబీనగర్‌లో వైద్య విద్యార్థుల మొదటి తరగతి 2019లో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో మంగళగిరి ఎయిమ్స్‌కు మొదటి విద్యార్థులు 2018లో వచ్చారు. అయితే వీటన్నిటికీ తల్లివంటిది ఢిల్లీలోని ఎయిమ్స్. దానికి సంబంధించిన బిల్లును 1956లో పార్లమెంటులో ప్రవేశపెట్టి, దాని పక్షాన మాట్లాడినవారు రాజకుమారి అమృత్ కౌర్ గారు. స్వతంత్ర భారతదేశపు మొట్టమొదటి ఆరోగ్యశాఖ మంత్రి ఆమె. మనవలె ప్రొటెస్టెంటు క్రైస్తవురాలు.

రాజకుటుంబం నుండి ఆశ్రమానికి

ఆమె తండ్రి రాజా హర్నామ్ సింగ్ పంజాబులోని కపుర్తలా రాజకుటుంబానికి చెందినవారు. గోలక్‌నాథ్ ఛటర్జీ అనే బెంగాలీ మిషనరీ పరిచర్య ద్వారా ఆయన క్రీస్తును అంగీకరించారు. తరువాత ఆ మిషనరీ కుమార్తె ప్రిసిల్లాను వివాహమాడారు. ఆ దంపతుల కుమార్తె అమృత్ కౌర్. లక్నోలో పుట్టి, ఇంగ్లండులో చదువుకొని వచ్చిన ఈ అమ్మాయి సుఖంగా కూర్చొనవచ్చును. కాని ఆమె గాంధీగారి యొద్దకు వెళ్లి, పదహారేండ్లు ఆయన కార్యదర్శులలో ఒకరిగా పనిచేశారు. జైలుకు వెళ్లారు. బాల్యవివాహాలు, పరదా, దేవదాసీ ఆచారం వంటి వాటికి విరోధంగా పోరాడారు.

1947లో నెహ్రూగారి మొదటి మంత్రివర్గంలో ఆమె ఒక్కరే స్త్రీ. మతాన్ని బట్టి ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని ఆమె స్వాతంత్ర్యానికి ముందే వాదించారు. తన వారికి వేరుగా వాటా అడగలేదు. అందరికీ దక్కవలసిన దానికోసమే నిలబడ్డారు. ఈ సంగతి మనం గుర్తుంచుకోవాలి.

చేతిలో ఉన్నదెంత?

ఆమెకు అప్పగించిన పని ఎట్టిదో చూడండి. ఆనాడు మన దేశంలో మనిషి సగటు ఆయుష్షు సుమారు 32 సంవత్సరాలు. ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చేదనీ, సుమారు ఎనిమిది లక్షల మంది దానితో చనిపోయేవారనీ అంచనా. మన మన్యం ప్రాంతాల్లో చలిజ్వరం లేని ఇల్లు ఉండేది కాదని పెద్దలు చెప్పగా విన్నాం.

ఇంత భారం ఉన్నా, రాజ్యాంగం ప్రకారం ఆరోగ్యం ప్రధానంగా రాష్ట్రాల పని. కేంద్రమంత్రి ప్రతి ఊరిలో ఆసుపత్రి తెరవలేరు. చేయగలిగినవి మూడు: సభలో శాఖకు డబ్బు అడగడం, చట్టం తేవడం, రాష్ట్రాలను ఒప్పించడం. ఈ మూడూ మాటతో జరగవలసినవే. సభ్యులు ప్రశ్న వేస్తే లేచి జవాబు చెప్పాలి. శాఖ ఖర్చుకు సభ అనుమతి పొందాలి. "ప్రసంగాలతో కడుపు నిండుతుందా?" అని మనం ఎగతాళి చేస్తాం గాని, సభలో నమ్మకంగా పలికిన మాట నుండే పల్లెకు మందు బయలుదేరుతుంది.

1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఇంటింటికీ డి.డి.టి. చల్లారు. 1961 నాటికి కేసులు దాదాపు 50 వేలకు తగ్గాయి. తరువాత జాగ్రత్త సడలగా 1976లో అవి మళ్లీ 60 లక్షలు దాటాయి. ఒకరు కట్టిన గోడను తరువాతి వారు కాపాడకపోతే ఏమగునో ఈ లెక్కే చెబుతుంది.

1956 ఫిబ్రవరి 18

సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1946లో ఒక పెద్ద నివేదిక ఇచ్చింది. పల్లెలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు కావాలన్నది అందులోనిదే. దేశానికి ఒక ఉన్నత వైద్య విద్యాలయం కావాలన్నదీ అందులోనిదే. రెండవదానికి డబ్బు ఏది? కొలంబో ప్రణాళిక క్రింద న్యూజిలాండ్ దేశం పది లక్షల పౌండ్లు ఇచ్చింది. అమృత్ కౌర్ గారు ఇంకా అనేక దేశాల సహాయం కూడగట్టారు. 1952లో శంకుస్థాపన జరిగింది.

1956 ఫిబ్రవరి 18న ఆమె లోక్‌సభలో లేచి బిల్లును వివరించారు. ఇది తాను ఎంతోకాలంగా మనసులో దాచుకొన్న కల అన్నారు. మన యువతీ యువకులు పై చదువు కోసం పరదేశాలకు పోనక్కరలేకుండా స్వదేశంలోనే చదువుకోవాలన్నది ఆమె ఉద్దేశం. ఇక్కడి వైద్యులు సొంత ప్రాక్టీసు పెట్టుకోకూడదనీ, పూర్తికాలం బోధనకూ పరిశోధనకూ ఇవ్వాలనీ, గురుశిష్యులు ఒకే ఆవరణలో నివసించాలనీ చెప్పారు. చివరికి ఈ సంస్థ భవిష్యత్తు అక్కడ పనిచేసేవారి, చదివేవారి సమర్పణ మీద, స్వార్థాన్ని ప్రక్కనపెట్టే మనసు మీద ఆధారపడుతుందని ఆమె భావం. చట్టం గోడలు కట్టగలదు గాని హృదయాన్ని కట్టలేదని ఆమెకు తెలుసు.

పల్లెలో సూదిమందే దొరకని రోజుల్లో రాజధానిలో ఇంత పెద్ద సంస్థ దేనికి అని ఎవరికైనా అనిపించవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే వైద్యులను తయారుచేసే ఉపాధ్యాయులు లేకుండా పల్లెకు వైద్యుడు ఎక్కడనుండి వస్తాడు? అయినా ఆ ఫలం మన వాకిటికి రావడానికి అరవై ఏండ్లు పట్టిందన్నది కూడా నిజమే.

ఆమె మాటతో సరిపెట్టలేదు. సిమ్లాలో తమ సొంత ఇల్లు మానర్‌విల్‌ను ఎయిమ్స్ సిబ్బంది, నర్సుల విశ్రాంతి గృహంగా రాసి ఇచ్చారు. సభలో అడిగినది పరుల సొమ్ము, ఇంటిని ఇచ్చినది తన సొమ్ము.

మన మదనపల్లె

క్షయ విషయంలో ఆమె పనికి మన తెలుగు నేలతో సంబంధం ఉంది. రాయలసీమలోని మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం అనే చోట అనేక మిషన్లు కలిసి క్షయరోగుల ఆసుపత్రిని స్థాపించాయి. 1915లో అది రోగులను చేర్చుకోవడం ఆరంభించింది. డెన్మార్క్ నుండి వచ్చిన మిషనరీ డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ గారు దానికి మొదటి వైద్యాధికారి. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకాను మొదట వేసి చూసిన చోట్లలో మదనపల్లె ఒకటి. 1951 నుండి ఆ టీకా దేశమంతటా పెద్దయెత్తున సాగింది.

దానికి విరోధం కూడా గట్టిగా వచ్చింది. 1955లో రాజాజీ అంతటి పెద్దమనిషి బి.సి.జి.ని వ్యతిరేకిస్తూ పుస్తకమే వ్రాశారు. అయినా ఆరోగ్యశాఖ వెనుకకు తగ్గలేదు. ఎవరిది ఒప్పు? 1968లో చెంగల్పట్టు జిల్లాలో మొదలైన పెద్ద పరీక్షలో, పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను ఈ టీకా ఆపలేదని తేలింది. అయితే పసిబిడ్డలను మెదడుకు ప్రాకే క్షయ వంటి ఘోరమైన రూపాల నుండి కాపాడుతుందని రుజువైంది. అందుకే నేటికీ పుట్టిన బిడ్డకు అది వేస్తున్నారు. ఆ ఉద్యమం మీద పెట్టుకొన్న ఆశ అంతా నెరవేరలేదు, కాని పడిన కష్టం వ్యర్థమూ కాలేదు. దేవుడు తన సేవకుల అసంపూర్ణమైన పనిని కూడా వాడుకొంటాడు.

రెండు చట్టాలు, నా తప్పు

ఆమె మంత్రిగా ఉన్నప్పుడు 1954లో రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి ఆహార కల్తీ నిరోధక చట్టం. పాలలో నీళ్లు, నూనెలో మరో నూనె కలిపేవారి మీద దేశమంతటికీ ఒకే చట్టం అదే. 2006లో చేసిన ఆహార భద్రత చట్టం తరువాత దాని స్థానంలోకి వచ్చింది. రెండవది, మాయ మందుల ప్రకటనలను నిషేధించే చట్టం. తాయెత్తు, మంత్రం, మహిమ గల మందు అంటూ చట్టంలో పేర్కొన్న రోగాలు పోతాయని ప్రకటన ఇవ్వడం దాని ప్రకారం నేరం. ఆ చట్టం నేటికీ అమలులో ఉంది.

ఈ రెండవ చట్టం గురించి చదివినప్పుడు నా మనస్సాక్షి నన్ను గద్దించింది. మనం తాయెత్తులు కట్టము, నిజమే. కాని కొన్ని చోట్ల ప్రార్థించిన నూనె అని సీసాలు అమ్ముతూ, మాత్రలు మానేయమని చెప్పేవారు మన మధ్య లేరా?

నేను నూనె అమ్మలేదు గాని, నా తప్పు ఇంకొకటి. కొన్నేండ్ల క్రిందట ఇబ్రహీంపట్నం వైపు ఒక పల్లెలో కూలిపని చేసే సహోదరి దగ్గుతో బాధపడుతుంటే, రెండు నెలలు వారం వారం వెళ్లి ప్రార్థించి వచ్చాను. కళ్లె పరీక్ష చేయించుకో అమ్మా అని ఒక్కసారీ చెప్పలేదు. చెబితే నా విశ్వాసం తక్కువని అనుకొంటారేమో అనే భయం నాలో ఉండెను. చివరకు ఊరి ఆశా కార్యకర్త ఆమెను పట్టుకొని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లింది. క్షయ అని తేలింది. ఆ లోపల ఆమె చంటిబిడ్డకూ మందులు వాడవలసి వచ్చింది. ఆరునెలలు ఉచితంగా మందులు మింగి ఆమె బాగుపడింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అందువలన నాకు మరింత సిగ్గు కలిగింది. దేవుడు జవాబు పంపాడు, నేనే దారికి అడ్డంగా కూర్చున్నాను.

అమృత్ కౌర్ గారు ప్రార్థన విడిచిన మనిషి కారు. ప్రార్థించే ఆమెయే టీకా కోసం, ఆసుపత్రి కోసం, చట్టం కోసం సభలో నిలబడ్డారు. ఈ రెంటికీ ఆమె జీవితంలో వైరం లేదు. పౌలు వెంట నడిచిన లూకా వైద్యుడే గదా!

మనం ఏమి చేయాలి?

1950లో ప్రపంచ ఆరోగ్య మహాసభకు అధ్యక్షత వహించిన మొదటి స్త్రీ ఆమె. 1957లో మంత్రి పదవి ముగిశాక కూడా రాజ్యసభ సభ్యురాలిగా ఉంటూ 1964 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆమెను పొగడి ఊరుకొంటే లాభం లేదు.

ఇంట్లో ఎవరికైనా రెండు వారాలకు మించి దగ్గు ఉంటే, ప్రార్థన చేసి వెంటనే పరీక్షకు పంపండి. పరీక్ష, మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. చికిత్స కాలంలో ఆహారానికి నెలకు ఇచ్చే సొమ్మును 2024 నవంబరు నుండి వెయ్యి రూపాయలకు పెంచారు. కొంచెం నయమవగానే మందు మానకండి. రోగిని బల్ల దగ్గర, పంక్తిలో వేరుగా కూర్చోబెట్టకండి. మీ అమ్మాయి నర్సింగు చదువుతానంటే చులకనగా చూడకండి.

కాపరులైన నా తోటి పరిచారకులకు ఒక మనవి. అధికారుల కొరకు ప్రార్థించమని తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 2వ అధ్యాయం నుండి మనం ఎన్నోసార్లు ప్రసంగించాం. మన ఎం.పి. మన మండలంలోని ఆసుపత్రి గురించి సభలో ఒక్క ప్రశ్నయినా వేశారా అని ఎన్నడైనా విచారించామా? విచారించని దానికొరకు ఎట్లు ప్రార్థిస్తాం?

యోహాను సువార్త 4వ అధ్యాయంలో ప్రభువు పొలాన్ని చూపి, ఇతరులు పడిన కష్టంలో మీరు పాలు పొందుతున్నారని శిష్యులకు తెలియజేశాడు. ఆ రోజు బీబీనగర్‌లో మా పెద్దాయన చేతికి చీటీ వచ్చినప్పుడు అమృత్ కౌర్ గారి సంగతి ఆయనకు చెప్పాను. ఆయన చీటీని రెండు చేతులతో పట్టుకొని, "ఆమె ఉన్నదా అయ్యగారూ?" అన్నాడు.

"లేరు, చనిపోయి చాలా ఏండ్లయింది" అన్నాను.

"అయితే ఆమె మొదలుపెట్టిన పని చేస్తున్నవారి కోసం ప్రార్థన చేద్దాం" అని ఆ వరుసలోనే కళ్లు మూసుకొన్నాడు.