పానా పక్కన పెట్టండి: వాటర్ కూలింగ్ కంప్యూటర్‌కి ఫిట్టింగులు ఎలా కొనాలి



పోయిన శుక్రవారం ఎపిసోడ్ వచ్చాక చాలామంది వాయిస్ మెసేజ్‌లు పెట్టారు. అందరిదీ ఒకటే మాట: "అన్నా, ఆ నంబర్లు రాసి పెట్టండి, చెవితో వింటే గుర్తుండట్లేదు." అందుకే ఇది రాస్తున్నాను. ట్రాన్‌స్క్రిప్ట్ ఎప్పటిలాగే విడిగా ఉంది. ఇక్కడ మాత్రం షాపులో నిలబడి ఫోన్‌లో చూసుకోవడానికి వీలుగా, నేను చేసిన తప్పుతో సహా, వరసగా చెప్తాను.

కొత్తగా వచ్చినవాళ్లకి నా సంగతి రెండు ముక్కల్లో. మాది కోనసీమ. ఉండేది మస్కట్‌లో, అల్ హైల్‌లో. పని ఏసీ మెకానిక్. పన్నెండేళ్లుగా పైపులు, ఫిట్టింగులు, లీకులు, ఇదే బతుకు. కాబట్టి కంప్యూటర్‌లో నీళ్ల పైపు బిగించడం నాకో లెక్కా అనుకున్నాను. అక్కడే దెబ్బ తిన్నాను.

అసలు ఏం జరిగిందంటే

మా రూమ్‌లో జగిత్యాల తమ్ముడు ఒకడున్నాడు. సైట్‌లో హెల్పర్. డ్యూటీ అయ్యాక రాత్రిళ్లు రెవిట్ నేర్చుకుంటున్నాడు. వాళ్ల కంపెనీలోనే డ్రాఫ్ట్స్‌మన్ పోస్టుకి టెస్టు పెడతారని తెలిసింది. ఎండలోంచి ఆఫీసులోకి వెళ్లే దారి అదొక్కటే. దేశం వదిలి వెళ్లిపోతున్న ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొన్నాడు. నెలన్నర జీతం పెట్టాడు. అందులో ప్రాసెసర్‌ని చల్లబరచడానికి ఫ్యాను బదులు నీళ్ల పైపులున్నాయి.

పైపులు పాతబడి, తెల్లగా మబ్బు పట్టి, గట్టిపడ్డాయి. "అన్నా, నువ్వు పైపుల మనిషివే గదా, జర మార్చిపెట్టవా" అన్నాడు. సరే అన్నాను. కొత్త ట్యూబు తెచ్చాం. రెండు ఫిట్టింగులు అరిగిపోతే అవీ తెచ్చాం. బిగించాక ఒకచోట చుక్క కనబడింది. అలవాటు కొద్దీ టెఫ్లాన్ టేపు చుట్టి, పానా పెట్టి ఒక పట్టు పట్టాను. నీళ్ల ట్యాంకు అక్రిలిక్‌ది. 'టక్' మని సన్న శబ్దం. పట్టించుకోలేదు. మొత్తం కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చేశాను. పది నిమిషాల్లో ట్యాంకు బీటలోంచి నీళ్లు కింద ఉన్న గ్రాఫిక్స్ కార్డు మీద పడ్డాయి.

కార్డు పోయింది. దాని డబ్బులు రెండు జీతాల్లో నేనే కట్టాను. కానీ కొత్త కార్డు వచ్చేలోపు టెస్టు తేదీ దాటిపోయింది. తమ్ముడు నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది అనిపించింది.

ఆ తర్వాత కూర్చుని, ఏ తప్పు ఎందుకు జరిగిందో ఒక్కొక్కటీ నేర్చుకున్నాను.

ముందు అర్థం కావాల్సింది: నీళ్లని ఆపేది ఏది?

మన ప్లంబింగులో వాడే థ్రెడ్ ఫిట్టింగులు చాలావరకు ముందుకి వెళ్లేకొద్దీ సన్నబడతాయి. బిగించేకొద్దీ ఇనుము ఇనుములో ఇరుక్కుంటుంది. మిగిలిన సందుల్ని టేపు నింపుతుంది. అక్కడ నీళ్లని ఆపేది థ్రెడ్డే.

కంప్యూటర్ ఫిట్టింగు అలా కాదు. దాని థ్రెడ్ పేరు జీ 1/4. ఇది మొదటి నుంచి చివరి దాకా ఒకే లావు. థ్రెడ్ పని పట్టుకోవడం వరకే. నీళ్లని ఆపేది ఫిట్టింగు మెడ దగ్గరున్న చిన్న రబ్బరు ఓ-రింగ్. అది సమంగా నొక్కుకుంటే చాలు, చుక్క కూడా రాదు. టేపు చుడితే ఓ-రింగ్ సరిగ్గా కూర్చోదు. పానా పెడితే ఓ-రింగ్ నలుగుతుంది, లేదా అవతలి ప్లాస్టిక్ పగులుతుంది. నేను రెండూ చేశాను.

కాబట్టి చేత్తో తిప్పండి. మెడ ఆనుకున్నాక ఇంకొంచెం, చెయ్యి ఆగేదాకా. అంతే.

మూడు రకాల పావు ఇంచీ

మనవాళ్లు ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. "పావు ఇంచీ ఇవ్వు" అంటే మూడు వేరు వేరు వస్తువులు చేతికి రావచ్చు.

ఒకటి, ఏసీ రాగి పైపు. అక్కడ పావు ఇంచీ అంటే పైపు బయటి కొలత, 6.35 మి.మీ. దాని ఫ్లేర్ నట్టు థ్రెడ్ మళ్లీ వేరే.

రెండు, అమెరికా పద్ధతి ఎన్‌పీటీ 1/4. సన్నబడే థ్రెడ్, ఇంచీకి 18 చుట్లు.

మూడు, మనకి కావాల్సిన జీ 1/4. ఇంచీకి 19 చుట్లు, థ్రెడ్ బయటి కొలత దాదాపు 13.16 మి.మీ. పావు ఇంచీ అని పేరు, కొలిస్తే అర ఇంచీ కంటే ఎక్కువ! ఎందుకంటే ఆ పేరు పాత రోజుల ఇనుప పైపు లోపలి బెజ్జం లెక్కన వచ్చింది. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు మొదలుపెట్టిన థ్రెడ్ కొలతల నుంచి పుట్టిన కుటుంబం ఇది.

18కీ 19కీ తేడా కంటికి ఆనదు. ఎన్‌పీటీ ఫిట్టింగు జీ 1/4 బెజ్జంలో ఒకటి రెండు చుట్లు ఎక్కుతుంది కూడా. తర్వాత బిగుసుకుంటుంది. మనం ఇంకా తిప్పుతాం. థ్రెడ్ పాడైపోతుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఇత్తడి ఫిట్టింగు చవకే, కానీ దీనికి పనికిరాదు. పాకెట్ మీద 'జీ 1/4' అని ఉంటేనే, మెడ దగ్గర ఓ-రింగ్ ఉంటేనే తీసుకోండి.

ట్యూబుకి రెండు నంబర్లు

ఫిట్టింగు ఒక చివర థ్రెడ్, రెండో చివర ట్యూబు. మెత్తటి ట్యూబుకి రెండు కొలతలుంటాయి: లోపలిది, బయటిది. ఎక్కువగా దొరికేవి ఇవి:

10/13 మి.మీ. ఇంచీల్లో 3/8, 1/2. గోడ పలచన. బాగా వంచితే మడత పడి నీళ్లు ఆగిపోతాయి.

10/16 మి.మీ. ఇంచీల్లో 3/8, 5/8. గోడ మందం, వంపు బాగా తీసుకుంటుంది.

13/19 మి.మీ. ఇంచీల్లో 1/2, 3/4. లావు. పెద్ద కేసులకే బాగుంటుంది. బెజ్జాలు దగ్గర దగ్గరగా ఉంటే ఫిట్టింగులు ఒకదానికొకటి తగులుతాయి.

కంప్రెషన్ ఫిట్టింగుకి రెండు నంబర్లూ కలవాలి. లోపల ఒక మొన ట్యూబులోకి వెళ్తుంది, పైనుంచి ఒక రింగు ట్యూబుని ఆ మొన మీదకి నొక్కి పట్టుకుంటుంది. మా ట్యూబు 10/13. నేను తెచ్చిన ఫిట్టింగులు 10/16. లోపలి 10 కలిసింది కాబట్టి ట్యూబు చక్కగా ఎక్కింది, రింగూ తిరిగింది. కానీ రింగుకీ ట్యూబుకీ మధ్య చుట్టూ మిల్లీమీటరున్నర ఖాళీ. రింగు దేన్నీ నొక్కట్లేదు. మొదటి చుక్క అక్కడి నుంచే వచ్చింది. నేనేమో థ్రెడ్ దగ్గర అనుకుని టేపు చుట్టాను.

ముళ్ల మొన ఉండే బార్బ్ ఫిట్టింగు అయితే లోపలి కొలత ఒక్కటి కలిస్తే చాలు, పైన క్లిప్పు వేస్తాం. చూడ్డానికి సాదాగా ఉంటుంది, ధర తక్కువ, పనిలో లోటు లేదు. మన బడ్జెట్‌కి ఇదే మేలంటాను.

గట్టి ట్యూబు సంగతి వేరు. దాన్ని బయటి కొలతతోనే పిలుస్తారు: 12, 14, 16 మి.మీ. దాని ఫిట్టింగులు కూడా వేరు. '16' అని కనబడగానే గట్టి ట్యూబుదా, 10/16 మెత్తటి ట్యూబుదా అని అడగండి.

మన గది వేడి లెక్కలోకి తీసుకోండి

కంప్యూటర్‌లో నీళ్లు ఎప్పుడూ గది గాలి కంటే చల్లబడవు. పని గట్టిగా నడిచేటప్పుడు గది కంటే 10, 15 డిగ్రీలు ఎక్కువ ఉండటం మామూలే. ఏసీ వేసిన గది 26 అయితే నీళ్లు 40 లోపు. ఏసీ ఆగిపోయి గది 42కి చేరితే నీళ్లు 55 దాకా పోతాయి. 2018 జూన్‌లో మన ఖురయ్యాత్‌లో ఒక రోజంతా, రాత్రి కూడా, వేడి 42.6 డిగ్రీల కిందకి దిగలేదు. ఈ దేశంలో ఏసీ ఆగితే ఏమవుతుందో ఆ అంకె చాలు.

ఎన్నో పంపులకీ, పీఈటీజీ అనే గట్టి ట్యూబుకీ కంపెనీలు చెప్పే హద్దు దాదాపు 60 డిగ్రీలు. పీఈటీజీ ఆ వేడి దగ్గర మెత్తబడటం మొదలై, ఫిట్టింగు లోంచి జారవచ్చు. అక్రిలిక్ ఇంకా ఎక్కువ వేడి తట్టుకుంటుంది కానీ కోసేటప్పుడు పగులుతుంది. బ్యాచిలర్ రూముల్లో ఉండే మనకి నల్లటి ఈపీడీఎం రబ్బరు ట్యూబు మంచిది. పీవీసీలా మబ్బు పట్టదు, వేడికి ఓర్చుకుంటుంది. లోపల నీళ్లు కనబడవు, అంతే.

లోహం, నీళ్లు

ప్రాసెసర్ మీద బ్లాకు, రేడియేటరు మామూలుగా రాగి, ఇత్తడి. వాటి మధ్య అల్యూమినియం ఫిట్టింగు ఒక్కటి పెట్టినా అది తినేయబడుతుంది. ఏసీ కాయిల్ దగ్గర రాగి, అల్యూమినియం కలిసినచోట తెల్లటి పొడి చూస్తుంటాం కదా, అదే జబ్బు. నికెల్ పూత వేసిన ఇత్తడి ఫిట్టింగు తీసుకోండి. అయస్కాంతం పెట్టి చూసి లాభం లేదు, రెండూ అంటుకోవు. చేతిలో బరువు చూడండి. అదే సైజు అల్యూమినియం కంటే ఇత్తడి దాదాపు మూడింతలు బరువు.

నీళ్లు కుళాయివి వద్దు. సముద్రం నీళ్లు శుద్ధి చేసినవే అయినా తాగడానికి వీలుగా మళ్లీ ఖనిజాలు కలుపుతారు. ఏసీ డ్రెయిన్ నీళ్లూ వద్దు. ఆవిరి నుంచి వచ్చినవే అయినా కాయిల్ మీది దుమ్ము, పాచి అందులోనే. ఆటో షాపులో డిస్టిల్డ్ వాటర్ అడగండి. బ్యాటరీ ఆసిడ్ డబ్బా పక్కనే ఉంటుంది, లేబుల్ చదివి తీసుకోండి. పాచి, తుప్పు పట్టకుండా కంప్యూటర్ల కోసమే అమ్మే మందు కలపండి.

ఎన్ని కొనాలి, ఎలా పరీక్షించాలి

నీళ్లు వెళ్లే ప్రతి భాగానికీ రెండు ఫిట్టింగులు: లోపలికి ఒకటి, బయటికి ఒకటి. బ్లాకు, రేడియేటరు, పంపు-ట్యాంకు కలిపి మూడు భాగాలంటే ఆరు. అదనంగా ఒకటి. వాడని బెజ్జాలకి మూతలు. అన్నిటికన్నా కింద ఒక టీ, ఒక చిన్న వాల్వు పెడితే నీళ్లు మార్చడం సులువు. అటూ ఇటూ తిరిగే 90 డిగ్రీల ఫిట్టింగులు అందంగా ఉంటాయి కానీ వాటి లోపల అదనపు ఓ-రింగులుంటాయి. కారే చోటు ఇంకొకటి పెరిగినట్టే. తప్పనిసరైతేనే వాడండి.

గాలితో పరీక్ష చేస్తే చేతి పంపుతో అర బార్ చాలు, అరగంట ముల్లు కదలకూడదు. ఏసీ లైనుని మేం నైట్రోజన్‌తో 40 బార్ల దాకా ఎక్కిస్తాం. ఆ సిలిండర్ దీని దరిదాపులకి తేవద్దు.

తర్వాత నీళ్లు పోసి, పంపుకి మాత్రమే కరెంటు ఇవ్వండి. దానికి 24 పిన్ జంపరు అని చిన్న ముక్క అమ్ముతారు. మదర్‌బోర్డు, కార్డు వైర్లన్నీ పీకేయాలి. పంపు ఎండగా తిరగకూడదు. ప్రతి జాయింటు కింద టిష్యూ పేపరు పెట్టి ఒక రోజంతా వదిలేయండి. గురువారం రాత్రి మొదలుపెడితే శుక్రవారం రాత్రికి తెలుస్తుంది. నేను ఈ ఒక్క రోజు ఆగి ఉంటే, ట్యాంకు పోయేది, కార్డు బతికేది.

చివరగా ఒక మాట. కంపెనీ ఎప్పుడు ఏ క్యాంపుకి మారుస్తుందో తెలియనివాళ్లు కొత్తగా ఇది పెట్టించుకోవద్దు. మంచి ఎయిర్ కూలర్ చాలు. ఉన్నవాళ్లు గది మారినా, ఇంటికి కార్గోలో వేసినా ముందు నీళ్లు పూర్తిగా తీసేయండి.

మా తమ్ముడి కంప్యూటర్ ఇప్పుడు నల్ల ట్యూబులతో, ఆరు ఇత్తడి ఫిట్టింగులతో నడుస్తోంది. కంపెనీ మళ్లీ టెస్టు ఎప్పుడు పెడుతుందా అని ఇద్దరం చూస్తున్నాం. మొన్న నీళ్లు మార్చేటప్పుడు నేను సాయానికి వెళ్తే, ముందు నా చేతుల వైపు చూశాడు. "అన్నా, పానా తేలేదు గదా?"

తేలేదు. జాయింట్లన్నీ వాడే బిగించాడు, చేత్తో. నేను టిష్యూ పేపర్లు పెట్టాను.